అన్నీ చదివిపెట్టే ఫోను

నేను ఇంతకాలం ఏమీ రాయకపోవడానికి కారణం చిన్నదే. నాకు రాయడం వచ్చేది కాదు. ఎందుకు రాలేదంటే, చిన్నప్పుడు మా ఇంట్లో అందరికన్నా ముందు నాకే మెలకువ వచ్చేది. ముందు లేచిన ఆడపిల్ల పొయ్యి ముట్టించాలి, ముట్టించినదే రొట్టెలు చేయాలి, రొట్టెలు అయ్యేసరికి బడి గంట కొట్టేవారు. నా చెల్లెలు నాకన్నా ఆరేళ్లు చిన్నది. ముఖం మీద ఎండ పడితే తప్ప లేచేది కాదు. అందువల్ల ఆమె పదో తరగతి దాకా చదువుకుంది. పొద్దున్నే లేచినవాళ్లు బాగుపడతారని ఎవరైనా చెబుతుంటే నేను ఇప్పటికీ వేరే పని చూసుకుంటాను.

పెళ్లయి నేను రాయచూరు వచ్చాను. చెల్లెలు మట్మారిలో కాపురానికి వెళ్లింది. అప్పట్లో కార్డులు రాసేది. ఆ కార్డును ముందు పోస్టుమ్యాన్ చదివేవాడు, తర్వాత పక్కింటామె చదివేది, సాయంత్రం మా ఆయన వచ్చి నాకు చదివి వినిపించేవాడు. ఆయన ఏడో తరగతి. నా ఉత్తరంలో ఏముందో మా వీధిలో అందరికన్నా ఆఖరున తెలిసేది నాకే.

కార్డులు పోయి ఫోన్లు వచ్చాయి. మా ఆయన తన పాతది, మూల పగిలినది, నాకిచ్చాడు. ఫోన్లో మాట్లాడుకోవచ్చు కదా అని మీరనవచ్చు. చెల్లెలి ఇంట్లో అత్త, ఇద్దరు తోడికోడళ్లు, వాళ్ల పిల్లలు ఉంటారు. గదులు మూడు. ఆమె ఫోను చెవిన పెట్టుకుంటే ఇల్లంతా కూరగాయలు కోయడం ఆపేస్తుంది. అందుకని మనసులో మాట చెప్పాలంటే తెలుగులో మెసేజ్ రాసి పంపేది. రాతకు చప్పుడు ఉండదు కదా. ఆ చప్పుడు మా ఆయన కలిపేవాడు.

మా ఆయన రైల్వే స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు. మంచివాడు. తాగడు, కొట్టడు. ఆయనకున్న వ్యసనం ఒకటే: ఇంకా పుట్టని ఫోన్లు. రైలుకూ రైలుకూ మధ్య వెనక సీట్లో కాళ్లు చాపుకుని వీడియోలు చూస్తాడు. వాటిలో ఒకడు ఇంకా అంగట్లోకి రాని ఫోను గురించి చెబుతుంటాడు. వెనక ఎన్ని కెమెరాలు ఉంటాయి, అవి నిలువుగా ఉంటాయా గుండ్రంగా ఉంటాయా, ఏ రంగుల్లో వస్తుంది, నీళ్లలో పడితే ఏమవుతుంది. కంపెనీవాళ్లు దాచుకున్న సంగతి వీడికెలా తెలిసిందంటే, ఫ్యాక్టరీలో పనిచేసేవాడెవడో చెప్పాడు, ఎవడో పెట్టె ఫోటో తీశాడు. దీన్ని లీకు అంటారట. ఆ ఫోన్లలో మా ఆయన ఇంతవరకు ఒక్కటీ కొనలేదు. కొనడం తెలివితక్కువ పని. ఇవాళ కొంటే రేపు వచ్చేది ఇంకా మంచిది. రేపటిది వచ్చేసరికి ఎల్లుండిది లీకయి ఉంటుంది. ఆయన చేతిలో ఉన్న ఫోనులో సాయంత్రం నాలుగింటికి అలారం మోగుతుంది. దాన్ని ఎవరు పెట్టారో తెలియదు, ఎలా తీసేయాలో ఆయనకు తెలియదు. మూడేళ్లుగా మోగుతోంది.

"ఆటో సీటు కుట్టియ్యరాదయ్యా, ఎక్కినోళ్ల చీరలు పట్టుకుంటున్నయి," అని నేను అంటే, "సీటుదేముందే. ఈసారి వచ్చే ఫోను మడత పెడ్తె బీడీ కట్టంత అయితదంట," అనేవాడు.

"బీడీ కట్టంత ఫోను నీకెందుకు?"

"నాకని కాదు. తెలిసి ఉండాలె."

తెలిసి ఉండాలె. తెలిసింది చెప్పాలె. ఆయన ధర్మం అంతే. ఎవరికీ తెలియని సంగతి తనకు ముందుగా తెలిస్తే ఆయన మొహం పెళ్లికొడుకు మొహంలా అయిపోతుంది.

మొన్న ఉగాదికి ముందు చెల్లెలు ఒక మెసేజ్ పంపింది. పండగ తర్వాత తాను, తన పెనిమిటి అత్తవాళ్ల నుంచి వేరు పడాలనుకుంటున్నారని, వెనక గదిలో వేరే పొయ్యి పెట్టుకుంటారని, ఇంకా అత్తకు చెప్పలేదని. మా వైపు ఒక పద్ధతి ఉంది. కోడలు వేరు పడాలంటే ఆ మాట ముందు అత్త చెవిన పడాలి, అదీ కోడలి నోటి నుంచే. రవికె గుడ్డ, పసుపు కుంకుమ పెట్టి చెబితే, అత్త ఎంత ఏడ్చినా, ఎంత తిట్టినా, చివరికి సోలెడు జొన్నలు తన చేత్తో కోడలి కొంగులో పోస్తుంది. ఆ జొన్నలతోనే కొత్త పొయ్యి మీద మొదటి రొట్టె. బయటివాళ్ల నోట ముందు వింటే మాత్రం ఆమె జొన్నలు పోయదు. పోయకపోతే వేరు పడడం ఉండదు, తెగతెంపులే.

మా ఆయన అన్నం తింటూ ఆ మెసేజ్ చదివి వినిపించాడు.

"ఎవ్వరికి చెప్పకు," అన్నాను.

"నాకేం పనే. ఆడోళ్ల ముచ్చట," అన్నాడు.

మర్నాడు పొద్దున ఆయన ఆటో ఎక్కిన మొదటి మనిషి మట్మారివాడు. స్టేషన్ నుంచి బస్టాండు ఎంత దూరం. ఆ దూరంలో మా ఆయన, కొత్త ఫోను గురించి చెప్పే గొంతుతోనే, "మీ ఊర్లె ఫలానా ఇంట్ల ఉగాది అయినంక కొత్త పొయ్యి వస్తుంది. ఇంక బయటికి రాలే," అని చెప్పాడు. ఆ మనిషి మట్మారి బస్సెక్కాడు. మధ్యాహ్నానికి మా చెల్లెలి అత్త గోడవైపు తిరిగి పడుకుంది. ఉగాది వచ్చింది, పోయింది. జొన్నలు కొలవలేదు, పొయ్యి పెట్టలేదు.

వారం తర్వాత చెల్లెలు ఇంకో మెసేజ్ పంపింది. దాన్నీ మా ఆయనే చదివాడు. "'అక్కా, ఇగ నీకు నేను ఏం రాయను. నీకు రాస్తె స్టేషన్‌కు రాసినట్లె.' గిట్ల రాసిందే," అని ఫోను కింద పెట్టాడు. నిజంగానే బాధపడ్డాడు. "నేనేం చేసిన? ఉన్న మాటనే గద చెప్పింది," అన్నాడు. ఆ బాధను ఆయన ఆ సాయంత్రమే ఆటోస్టాండులో నలుగురికీ చెప్పుకున్నాడు.

ఆ తర్వాత చెల్లెలు రాయలేదు. ఎప్పుడన్నా ఫోను చేసేది. బాగున్నావా అంటే బాగున్నా అనేది. వెనకాల కూరగాయలు కోయడం ఆగిన నిశ్శబ్దం నాకు వినిపించేది. నాకు అక్షరాలు వస్తే తప్ప నా చెల్లెలు నాకు మళ్లీ మనసులో మాట చెప్పదని అప్పుడు తెలిసింది. నాకు యాభై మూడేళ్లు.

నేను రొట్టెల షెడ్డులో పనిచేస్తాను. రైస్ మిల్లు వెనక రేకుల షెడ్డు. ఏడుగురం ఆడవాళ్లం కూర్చుని జొన్న రొట్టెలు తడతాం. మెత్తనివి ఖానావళులకు, అంటే భోజనం హోటళ్లకు పోతాయి. ఎండబెట్టిన కడక్ రొట్టెలు పెళ్లిళ్లకు పోతాయి. మధ్యాహ్నం మా ఆయన ఆటోలో వచ్చి తీసుకుపోయి ఇచ్చి వస్తాడు. షెడ్డు పక్క ఇంట్లో తెలుగు బడిలో చేసి రిటైరైన టీచరమ్మ ఒకామె అద్దెకుండేది. రోజూ నాలుగు రొట్టెలు కొనుక్కునేది. ఒకరోజు ఆమెతో, "టీచరమ్మా, నాకు నా చెల్లె రాసింది చదువుకునేటంత వస్తె చాలు," అన్నాను. ఆమె వంగి, నా ముందు పీట మీద చల్లిన పిండిలో వేలితో 'అ' రాసింది. దిద్దమంది. దిద్దాను. దాని మీద ముద్ద పెట్టి రొట్టె తట్టాను. అక్షరం పోయింది. మళ్లీ పిండి చల్లి మళ్లీ రాశాను. ఆ నెలలో మార్కెట్ దగ్గరి ఖానావళిలో తిన్నవాళ్లు అక్షరమాల మొత్తం తిన్నారు.

నన్ను చూసి ఇంకో నలుగురు చేరారు. పని అయ్యాక టీచరమ్మ వరండాలో గంటసేపు కూర్చునేవాళ్లం. ఆమె మొదటిరోజే చెప్పింది: "నాకు గద్వాల పోయి మా అక్క దగ్గర ఉండాలని ఉంది. మీరు వస్తనంటె ఆగుత. నలుగురి కన్న తక్కువైతె మాత్రం పోత. ఒకరిద్దరికి చెప్తె అది ట్యూషను. ట్యూషను నాకు నచ్చదు."

రాయచూరులో తెలుగు నేర్చుకునేవాళ్లకు ఒక సుఖం ఉంది. వీధిలో బోర్డులన్నీ కన్నడంలో ఉంటాయి కాబట్టి ఎవరూ పరీక్ష పెట్టరు. ఎండాకాలం అక్షరాలతో గడిచింది, వానాకాలం గుణింతాలతో గడిచింది. దసరాకు ఒత్తుల దగ్గరికి వచ్చి ఆగాం. అక్షరం కింద ఇంకో అక్షరం వేలాడుతుంటే ఏది ముందు పలకాలో మాకు అంతుపట్టలేదు. సరిగ్గా అప్పుడే మా ఆయన ఆ వార్త తెచ్చాడు.

రొట్టెల గంపలు ఎత్తుకోవడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి, "ఇగ మీ పలకలు పక్కకు పెట్టుండ్రి," అన్నాడు.

మాలో అందరికన్నా పెద్దామెను నేను వదినా అంటాను, మా ఆయనా వదినా అంటాడు. ఆమె వయసు నలభై ఎనిమిది. ఏడేళ్ల కింద నేను షెడ్డులో చేరినప్పుడూ నలభై ఎనిమిదే. ఆమె చేయి ఆపకుండానే అడిగింది: "ఏమాయె మరిదీ?"

"దీపావళికి ఒక ఫోను వస్తుంది. ముందల కాగితం పట్టుకుంటె చాలు, చదివి చెప్తది. తెలుగు, కన్నడం, ఉర్దూ, ఏదైన సరే."

"నీకెవరు చెప్పిండ్రు?"

"లీకయింది."

"అంటె ఏంది?"

"కంపెనీవాడు చెప్పకముందె మనకు మాలూమవుడు."

"వాడు మనకు చెప్పొద్దనుకున్నడు గద. మరి మనమెందుకు వినాలె?"

"అట్ల కాదు వదినా. చైనాల ఒకడు డబ్బా ఫోటో తీసిండు."

"డబ్బా మీద చదువుతదని రాసి ఉందా?"

"చైనా భాషల ఉంది."

"అది ఎవరు చదివిండ్రు?"

మా ఆయన గంప ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. "అందుకే ఆ ఫోను కావాలంటున్న," అన్నాడు.

అందరం నవ్వాం. కాని నవ్విన మాట కూడా మనసులో కూర్చుంటుంది. ఆ ఫోను రోజురోజుకూ పెరిగింది. స్టేషన్ దగ్గర టీ హోటల్లో బయలుదేరినప్పుడు అది అచ్చు కాగితం మాత్రమే చదివేది. బస్టాండుకు చేరేసరికి డాక్టర్ల చేతిరాత కూడా చదవసాగింది. మార్కెట్లో ఒక మిర్చి వ్యాపారి అది పాసుబుక్కు మీది ఫోటో చూసే మనిషి గుణం చెబుతుందన్నాడు. పక్కనున్న కల్మల ఊరి నుంచి పత్తి తెచ్చినవాళ్లు, అది చేను వైపు తిప్పితే పురుగు ఏ మొక్క మీద ఉందో చెబుతుందట కదా అని మా ఆయననే అడిగారు. ఆయన కాదనలేదు. "ఆ ఫీచర్ ఇంక కన్ఫర్మ్ కాలే," అన్నాడు. ఇంకా పుట్టని బిడ్డ అల్లరి గురించి తాతలు చెప్పుకున్నట్టు ఊరంతా దాని గురించి చెప్పుకున్నారు.

మా వరండాలో మాత్రం మనుషులు తగ్గారు. ముందు ఒకామె మానింది. "సుమ్నె కండ్లు పోగొట్టుకునుడెందుకక్కా, ఫోనే చదువుతది గద," అంది. సుమ్నె అంటే ఊరికే. కన్నడ మాటే అయినా ఇక్కడ అందరి నోటా ఉంటుంది. తర్వాత ఇంకొకామె మానింది. వదిన, "ఈ ఒత్తులు పెట్టినోడి చేతులిరగ," అని పలకను పిండి డబ్బా మీద మూతగా పెట్టుకుంది. నాలుగో ఆమె షెడ్డు నడిపే అక్క. వదిన లేకపోతే తనకు తోచదని ఆమె కూడా రాలేదు.

ఐదో మనిషిని నేను. నేనూ మానేశాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కాని అక్షరాలు నేర్చుకున్నది అబద్ధాలు రాయడానికి కాదు. నేను వేసిన లెక్క ఇది. ఆ ఫోను వస్తే నా చెల్లెలు రాసింది మా ఆయన అవసరం లేకుండా నాకు చేరుతుంది. చెల్లెలికి ఆ మాట చెబితే మళ్లీ రాస్తుంది. ఒత్తులతో కుస్తీ ఎందుకు? ఆటో సీటు కుట్టించని మనిషిని చూసి ఏళ్ల తరబడి నవ్విన నేను, రాని ఫోను కోసం వచ్చిన అక్షరాలను వదిలేశాను. వారం రోజులు టీచరమ్మ వరండా ముందు నుంచి తల తిప్పుకుని నడిచాను. ఆమె నాలుగు రొట్టెలకు బదులు రెండే కొనడం మొదలుపెట్టింది.

దీపావళికి ముందు ఆ ఫోను నిజంగానే వచ్చింది. స్టేషన్ రోడ్డులోని ఒక ఫోన్ల దుకాణంలో అందరికీ చూపిస్తున్నారని మా ఆయన చెప్పాడు. షెడ్డు అక్క, వదిన, ఇంకో ఇద్దరు, నేను, ఐదుగురం ఆయన ఆటోలోనే వెళ్లాం. చిరిగిన సీటు వదిన చీరను పట్టుకుంది. ఆయన వెనక్కి తిరగకుండానే, "దిగేటప్పుడు జర చూసుకోండ్రి," అన్నాడు.

దుకాణం నిండా జనం. ఆటోస్టాండు మొత్తం అక్కడే ఉంది. దుకాణం అతను ఫోను పైకెత్తి, "ఎవరి దగ్గరైన కాగజ్ ఉందా? ఏదైన ఇయ్యుండ్రి," అన్నాడు. ఎవరూ కదల్లేదు. వదిన నడుముకు కట్టుకున్న సంచిలోంచి నాలుగు మడతల కార్డు ఒకటి తీసింది. ఆమధ్య మోకాళ్ల నొప్పుల శిబిరంలో ఇచ్చింది, కన్నడంలో ఉంది. ఏ మాత్ర పొద్దున వేసుకోవాలో, ఏది సాయంత్రమో ఆమెకు ఎప్పుడూ అనుమానమే.

"సీదా పట్టు అక్కా," అన్నాడు అతను. వదిన సీదాగా పట్టుకుంది.

ఫోను గొంతు సవరించుకోలేదు, ఎవరున్నారని చుట్టూ చూడలేదు. టీవీలో వార్తలు చదివే ఆడమనిషి గొంతుతో, దుకాణం అవతలి బజ్జీల బండి దాకా వినబడేలా కన్నడంలో మొదలుపెట్టింది. వదిన పేరు చదివింది. పెనిమిటి పేరు చదివింది. తర్వాత, "వయస్సు, అరవత్తొందు," అంది.

అరవై ఒకటి. అక్కడ కన్నడం రానివాళ్లు ఎవరూ లేరు.

ఆటోవాళ్లలోంచి ఒక గొంతు, "వదినా, నిన్నటి దాక నలభై ఎనిమిదే ఉంటివి గద. రాత్రికి రాత్రె పెరిగినవా?" అంది. దుకాణం అంతా పగలబడి నవ్వింది. ఫోను ఆగలేదు. బరువు ఎంతో చెప్పింది. ఇంకేమేమో చెప్పబోతుంటే వదిన కార్డు గుంజుకుంది. గుంజుకున్నా, అది చూసినంతవరకు చదివాకే ఊరుకుంది.

నేను దుకాణం అతన్ని అడిగాను. "తెలుగు చదువుతదా?"

"తెలుగు ఇంక రాలేదక్కా. వచ్చే మోడల్‌ల వస్తది. లీకయింది."

"నేను చెప్పలే?" అన్నాడు మా ఆయన నా వైపు తిరిగి. ఓడిపోయినవాడి మొహం కాదది. ఇంకో ఏడాదికి సరిపడా పని దొరికినవాడి మొహం.

"మెల్లగ చదువుతదా? ఒక్కరికే వినపడేటట్లు?"

"ఎందుకు చదవదు. ఈ రెండు చెవులల్ల పెట్టుకో," అని అతను తెల్లటి గింజల్లాంటివి రెండు చూపించాడు.

మా ఆయన వాటిని ఇష్టంగా చూశాడు. "మంచిగున్నయే. ఒకటి నీకు, ఒకటి నాకు," అన్నాడు.

ఆయన అన్నది ప్రేమతోనే. నాకు మాత్రం మట్మారిలో గోడవైపు తిరిగి పడుకున్న ముసలామె వీపు కనబడింది. ఆ ఫోను ఎంత గొప్పదైనా, ఎన్ని భాషలు నేర్చినా, నా ఇంట్లో అది ఇంకో మా ఆయన అవుతుంది. ఉన్న ఒక్కడినే ఆపలేకపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఎవరూ నవ్వలేదు. రైస్ మిల్లు మలుపులో వదిన నోరు విప్పింది. "ఫోను చదివితె బజారంత వింటది. నేను చదివితె నేనొక్కదాన్నె వింట," అంది. కాసేపటికి మళ్లీ, ఎవరితోనో కాదన్నట్టు, "అరవై ఒకటని నాకు తెల్వదా ఏంది. నేను చెప్పాలె గని అదెందుకు చెప్పాలె," అంది.

ఆ సాయంత్రం నేను టీచరమ్మ వరండా ఎక్కాను. తలుపు తీసే ఉంది. ఆమె పుస్తకాలను పాత చీరలో మూట కడుతోంది. పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

"ఎప్పుడు పోతున్నరు?" అన్నాను.

"ఎల్లుండి పొద్దున బండికి. ఫోను కొన్నవా?"

"లేదు."

"మంచిగ లేదా?"

"శాన మంచిగుంది. అందుకే వద్దనుకున్న."

ఆమెకు దుకాణంలో జరిగింది చెప్పాను. చెల్లెలి సంగతి కూడా, జొన్నలు కొలవని సంగతి కూడా, మొదటిసారి పూర్తిగా చెప్పాను. ఆమె మూట ముడి బిగిస్తూనే విన్నది. "నీకొక్కదానికి చెప్పాలంటె ట్యూషను అయితదమ్మా. నేను ముందె చెప్పిన," అంది. మెత్తని మనిషే, కాని మాటంటే మాటే. అంతలో వరండా మీద చెప్పుల చప్పుడైంది. వదిన పలకతో వచ్చింది. దాని మీద ఇంకా పిండి ఉంది. ఆమె వెనక షెడ్డు అక్క వచ్చింది.

టీచరమ్మ మమ్మల్ని లెక్కపెట్టింది. "ముగ్గురు. నలుగురన్న గద నేను."

వదిన చాప పరిచి కూర్చుంది. "నా వయసు ఊరంతకు తెల్సింది. నన్ను ఇద్దరి కింద రాసుకో," అంది.

టీచరమ్మ నవ్వింది. ఆమె నవ్వడం మేం ఎక్కువగా చూడలేదు. మూట ముడి విప్పుతూ, "శివరాత్రి దాక ఉంట. అప్పటికి ఒత్తులు రాకపోతె నా తప్పు కాదు," అంది.

ఆ రోజు ఆమె మా చేత నాలుగు ముక్కలు చదివించింది. నేను ఒక్కొక్క అక్షరం పైకి పలుకుతూ కూడబలుక్కుని చదివాను. ఇన్ని నెలలూ అలాగే చదివాను, అందరం అంతే. ఆమె చేయెత్తి ఆపింది. "ఇట్ల చదివితె నీకూ ఆ ఫోనుకూ తేడా ఏముంది? పెదవులు మూసుకొని చదువు."

అది నాకు కొత్త. పెదవులు మూస్తే అక్షరం కదలదు అనిపించింది. పళ్లు బిగపట్టాను. గొంతులో ఏదో గురగురమంది. "గొంతు గూడ వద్దు," అంది. చాలాసేపు చూపును అక్షరాల మీద నడిపించాను, రాళ్ల దారిలో చెప్పులు లేకుండా నడిచినట్టు. ఒక చోట, నోరు కదలకుండానే, మాట నా లోపల వినిపించింది. పక్కనున్న వదినకు వినబడలేదు. నేను ఆమె వైపు చూసి మరీ రూఢి చేసుకున్నాను.

మర్నాడు పొద్దున మా ఆయన బయట ఆటో తుడుస్తున్నాడు. నేను ఫోను తీసి చెల్లెలి ఆఖరి మెసేజ్ తెరిచాను. ఉగాది తర్వాత వచ్చిందే. ఒకసారి విన్నదే కదా అని అంతవరకు దాన్ని మళ్లీ తెరవలేదు. పెదవులు మూసుకుని చదివాను. ఒత్తులు వచ్చిన చోట ఊహించుకున్నాను. పది రొట్టెలు తట్టేంతసేపు పట్టింది. 'ఇగ నీకు నేను ఏం రాయను' ఉంది. 'స్టేషన్‌కు రాసినట్లె' ఉంది. దాని కింద మా ఆయన చదవని మాటలు ఇంకా ఉన్నాయి. 'బావది నోరు కాదు, ప్లాట్‌ఫారం మైకు' అని ఉంది. 'నువ్వు నేర్చుకొని నీ చేతితో రాస్తె అప్పుడు రాస్త' అని ఉంది.

ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో ఆయన కడుపులో దాచుకున్న సంగతి అదొక్కటే. దాచుకోవడం ఆయనకు వచ్చునని నాకు అప్పుడే తెలిసింది.

కోపం రాలేదని చెప్పను. కాని కోపానికి టైము లేదు, షెడ్డుకు పోవాలి. గోడకు ఆనుకుని కూర్చుని ఒక్కో అక్షరం వెతికి నొక్కాను. 'ఇది నేనే రాసిన. నేనే చదివిన. ఇంక ఒతులు రావు. నువు రాయి.' రెండుసార్లు చూసుకుని పంపాను. ముద్దలకు నీళ్లు పొయ్యి మీద పెట్టాను. నీళ్లు మసలక ముందే ఫోను గుర్రుమంది.

"ఏమొచ్చిందే?" అన్నాడు మా ఆయన బయటి నుంచి.

"ఏం రాలే," అన్నాను.

పొయ్యి సన్నం చేసి, కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుని, పెదవులు మూసుకుని చదవడం మొదలుపెట్టాను.